తీగ పందిరి

తీగ పందిరి అనగా ఎగబ్రాకే మొక్కలను పాకించి వాటి నీడను, పూలను, కాయలను పొందడానికి గుంజలు పాతి, పైన వాసాలు గాని ఇనుప తీగలు గాని పరచి కట్టే నిర్మాణం. ఇంటి ముంగిట, పెరటిలో, బావి గట్టున, తోట బాటల మీద, ఇటీవలి కాలంలో మిద్దెల మీద కూడా వీటిని వేస్తున్నారు. సంస్కృతంలో దీనిని లతామండపం, లతాగృహం అంటారు. ఐరోపా తోటలలో ఇటువంటి నిర్మాణానికి పెర్గోలా అని పేరు. ముందుకు పొడుచుకు వచ్చిన చూరు అనే అర్థం గల పెర్గులా అనే లాటిన్ పదం నుండి ఆ పేరు వచ్చింది.

పందిరి వేయడం ఒకటి రెండు రోజుల పని. దాని మీదికి ఏ తీగను ఎక్కించాలన్నది మాత్రం అనేక సంవత్సరాల పాటు ఫలితం చూపే నిర్ణయం. తెలుగు ప్రాంతాలలో నీడ అత్యవసరమయ్యేది మార్చి నుండి జూన్ మొదటి వారాల వరకు. అందమైన పూలు పూసేవి, రుచికరమైన కాయలు కాసేవి ఎన్నో తీగలు ఉన్నా, సరిగ్గా ఈ మూడు నెలలలో ఆకు దట్టంగా నిలిచేవి వాటిలో కొన్ని మాత్రమే. పందిరి వేసినా ఎండాకాలంలో నీడ లేకపోవడానికి తరచుగా ఇదే కారణం.

పందిరి నీడ స్వభావం

పందిరి కింద గాలి ఉష్ణోగ్రత బయటి గాలి కంటే పెద్దగా తగ్గదు. అయినా అక్కడ కూర్చున్నవారికి చల్లగా అనిపిస్తుంది. ఎండ వలన శరీరానికి తగిలే వేడిలో ఎక్కువ భాగం గాలి నుండి కాక, నేరుగా సూర్యకిరణాల నుండి, వేడెక్కిన నేల, గోడల నుండి వస్తుంది. ఆకులు ఈ కిరణాలను అడ్డుకుంటాయి. రేకుల కప్పు కూడా కిరణాలను అడ్డుకుంటుంది గాని, తాను కాలిపోయి ఆ వేడిని కిందికి ప్రసరింపజేస్తుంది. ఆకు అట్లా కాలదు. భాష్పోత్సేకం అనే ప్రక్రియ ద్వారా అది నీటిని ఆవిరిగా వదులుతూ తనను తాను చల్లబరచుకుంటుంది. ఆకుల సందుల నుండి వేడిగాలి పైకి పోవడానికి వీలుండటం మరొక సౌకర్యం. అయితే తగినంత నీరు అందని తీగ ఆవిరిని వదలడం తగ్గించి, ఆకులను ముడుచుకొని, చివరకు రాల్చివేస్తుంది. కాబట్టి వేసవిలో పందిరి చల్లదనం దాని పాదులో పోసిన నీటిపై ఆధారపడి ఉంటుంది.

2015 మే నెలలో వచ్చిన వడగాడ్పుల వలన దేశంలో రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వారే. ఎండ దెబ్బకు ముందుగా గురయ్యేవారు వృద్ధులు, బయట పనిచేసేవారు. పశువులకు కూడా ఇది తప్పదు. ఇంటి పడమటి గోడకు, పశువుల పాకకు, బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకునే చోటుకు నీడ కల్పించడం కేవలం తోట అలంకారానికి సంబంధించిన విషయం కాదు.

సూర్యగమనం - పందిరి దిశ

పందిరి గురించి లభించే పుస్తకాలలో చాలా భాగం ఐరోపా, అమెరికా దేశాల తోటలను దృష్టిలో పెట్టుకొని వ్రాసినవి. అక్కడ సూర్యుడు ఎల్లప్పుడూ దక్షిణం వైపు వాలి ఉంటాడు కనుక ఇంటికి దక్షిణాన పందిరి వేయమంటారు. శీతాకాలంలో ఎండ లోనికి రావడానికి ఆకు రాల్చే ద్రాక్ష వంటి తీగను నాటమంటారు. ఈ రెండు సూచనలూ తెలుగు ప్రాంతాలకు యథాతథంగా వర్తించవు.

హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. అక్కడ మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు ఆ సమయంలో నీడ కనిపించదు. ఈ రెండు తేదీల మధ్య కాలంలో మధ్యాహ్న సూర్యుడు కొద్దిగా ఉత్తరం వైపు ఉంటాడు. అందువలన మే నెల మధ్యాహ్నం పందిరి నీడ దాదాపు దాని కిందనే పడుతుంది. చిక్కు ఆ తరువాత వస్తుంది. మూడు గంటల ప్రాంతంలో సూర్యుడు ఆకాశంలో సగం ఎత్తుకు దిగుతాడు. అప్పుడు 2.5 మీటర్ల ఎత్తు గల పందిరి నీడ దాదాపు అంతే దూరం తూర్పుకు జరుగుతుంది. ఐదు గంటలకు ఆ దూరం 6 మీటర్లు అవుతుంది. అనగా 3 మీటర్ల వెడల్పు గల పందిరి కింద కుర్చీ వేసుకున్న మనిషి సాయంత్రం పూర్తిగా ఎండలో ఉంటాడు, నీడ పక్కింటి ప్రహరీ మీద ఉంటుంది.

దీనికి పరిష్కారం పైకప్పును మరింత దట్టం చేయడం కాదు, పడమటి వైపు తీగలతో తెర కట్టడం. ఆ వైపు గుంజల మధ్య తాళ్ళు గాని వల గాని నిలువుగా కట్టి తీగలను పాకించాలి. మే, జూన్ నెలలలో సూర్యుడు సరిగ్గా పడమట కాక వాయవ్యం వైపు జరిగి అస్తమిస్తాడు కనుక ఈ తెరను ఉత్తరం వైపు కూడా ఒక గజం దూరం మళ్ళించడం మంచిది. పైన వేసే వాసాలు బల్లపరుపుగా కాక నిలువు అంచు మీద ఉండి, ఉత్తర దక్షిణాలుగా సాగితే ఉదయపు, సాయంత్రపు ఏటవాలు ఎండను అవి కూడా కొంత ఆపుతాయి.

తీగలు ఎగబ్రాకే విధానాలు

తీగలన్నీ ఒకే విధంగా ఎక్కవు. చార్లెస్ డార్విన్ 1865లో ఎగబ్రాకే మొక్కల కదలికలపై ఒక దీర్ఘ వ్యాసం ప్రచురించి, 1875లో దానిని విస్తరించి పుస్తకంగా వెలువరించాడు. ఆయన చేసిన విభజన నేటికీ తోటమాలికి ఉపయోగపడుతుంది.

మొదటి రకం కాండంతోనే ఆధారాన్ని చుట్టుకొనేవి. చిక్కుడు, శంఖుపుష్పం, తీగబచ్చలి, తిప్పతీగ ఈ కోవకు చెందినవి. వీటి కొస గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఆధారాన్ని వెదుక్కుంటుంది. సన్నని కర్రను, తాడును ఇవి సులభంగా చుట్టుకుంటాయి గాని లావుపాటి స్తంభాన్ని చుట్టలేవు. సిమెంటు స్తంభం పక్కన చిక్కుడు పాదు పెట్టి అది ఎక్కడం లేదని చింతించే బదులు స్తంభం వెంట ఒక కొబ్బరి తాడు దించితే చాలు.

రెండవ రకం నులితీగలతో పట్టుకొనేవి. బీర, సొర, కాకర, పొట్ల, దొండ, ద్రాక్ష ఇటువంటివి. నులితీగ ఏదైనా వస్తువును తాకగానే తాకిన వైపు కణాల పెరుగుదల మందగించి, ఎదుటి వైపు ఎక్కువై, ఆ వస్తువు చుట్టూ మెలిక పడుతుంది. దీనిని స్పర్శానువర్తనం అంటారు. తరువాత నులితీగ మధ్యభాగం కూడా స్ప్రింగు వలె చుట్టుకొని తీగను ఆధారం వైపు లాగుతుంది. గాలి వీచినప్పుడు ఈ స్ప్రింగు సాగి ముడుచుకొంటుంది గనుక కాండం తెగిపోదు. వీటికి పెన్సిలు కంటే లావు లేని తీగలు, సన్నని పుల్లలు కావాలి.

మూడవ రకం ముళ్ళతోను కొక్కేల వంటి భాగాలతోను ఇతర మొక్కల మీద ఒరిగి పైకి పోయేవి. కాగితం పూల చెట్టు దీనికి ఉదాహరణ. ఇది తనంతట తాను పందిరిని పట్టుకోదు. మనిషి కట్టవలసిందే. అల్లమందకు ముళ్ళు లేకపోయినా దాని పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే. నాలుగవ రకం కణుపుల వద్ద వేళ్ళు పుట్టించి గోడకో చెట్టుకో అతుక్కొనేవి. తమలపాకు, మనీ ప్లాంటు ఈ రకం. ఇవి పందిరికి తగినవి కావు. తమలపాకుకు తానే నీడ కావాలి. కోస్తా ఆంధ్రలో తమలపాకు తీగలను అవిసె మొక్కలపై పాకిస్తారు. అక్కడ అవిసె మొక్క గుంజగాను గొడుగుగాను కూడా పనిచేస్తుంది.

కాయగూరల తీగలు

తెలుగువారి పెరటి పందిరి అనగానే గుర్తుకు వచ్చేది చిక్కుడు. అయితే నీడకు సంబంధించినంత వరకు ఇది అక్కరకు రాని చుట్టమే. పందిరి మీద పాకే సంప్రదాయ చిక్కుడు రకాలు పగటి నిడివి తగ్గినప్పుడే పూతకు వస్తాయి. వర్షాకాలం ఆరంభంలో విత్తిన చిక్కుడు ఆకు మీద ఆకు వేస్తూ పోయి, చలికాలం వస్తుండగా పూత పట్టి, సంక్రాంతి నాటికి విరివిగా కాసి, మార్చిలో ఎండ ముదిరేసరికి పండుబారిపోతుంది. నీడ కావలసిన రోజున పందిరి మీద మిగిలేది ఎండుతీగలే. పగటి నిడివితో నిమిత్తం లేకుండా కాసే అర్క జయ్, అర్క విజయ్ వంటి రకాలను బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించింది గాని, అవి పొదగా పెరిగే పొట్టి రకాలు. ఉత్తర అమెరికాలోని చలి ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారికి ఇదే స్వభావం మరొక విధంగా ఎదురవుతుంది. అక్కడ వేసవి పగళ్ళు చాలా పొడుగు కనుక నాటు చిక్కుడు ఆకులతో నిండి సెప్టెంబరు దాకా పూయదు. పూసిన కొద్ది వారాలకే మంచు కురిసి తీగ చచ్చిపోతుంది.

వేసవి నీడకు కాయగూరలలో అన్నింటికంటే తగినది దొండ. ఇది బహువార్షికం. మూడు నాలుగు కణుపులున్న ముదురు కాండపు ముక్కలను నాటితే వేళ్ళూనుతుంది. మగ, ఆడ పూలు వేర్వేరు మొక్కల మీద పూస్తాయి. కాబట్టి కాసే పాదు నుండే ముక్కలు తీసుకోవాలి. తోటలలో పెంచే రకాలు పరాగ సంపర్కం లేకుండానే కాయ పట్టగలవు. నీరు అందితే దొండ ఎండాకాలమంతా పచ్చగా ఉండి కాస్తుంది. ఏడాదికి ఒకసారి, చలికాలంలో, ముదురు తీగలను నరికివేస్తే ఫిబ్రవరి నాటికి కొత్త చిగుళ్ళు పందిరిని కప్పుతాయి. దీని కత్తిరింపు కాలం నీడ అక్కరలేని రోజులలో పడటం పెద్ద అనుకూలత. అయితే కంచె దాటనివ్వకూడదు. హవాయి, గ్వామ్ దీవులలో ఈ దొండే అడవులను కప్పివేసే కలుపుగా మారింది.

బీర, సొర, కాకర, పొట్ల ఏకవార్షికాలు. జనవరి, ఫిబ్రవరి నెలలలో విత్తితే ఏప్రిల్ నాటికి పందిరి నిండుతుంది. సొర ఆకు పెద్దది, నీడ చిక్కన, బరువు కూడా ఎక్కువే. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. అందువలన పగటి పని ముగించుకొని పందిరి కింద కూర్చునే వారికి వాటిని చూసే అవకాశం ఉంటుంది. పొట్లకాయ వంకర పోకుండా చివరన చిన్న రాయి కట్టి వేలాడదీయడం గ్రామాలలో పాత అలవాటు. కాయ మీటరు పొడుగు దాకా సాగుతుంది కనుక దాని కోసం పందిరి ఎత్తు పెంచుకోక తప్పదు. ఈ నాలుగింటికీ వేసవిలో రోజూ నీరు కావాలి. రెండు రోజులు ఏమరిస్తే ఆకులు మాడిపోతాయి.

స్థలం తక్కువగా ఉన్నవారికి తీగబచ్చలి ఉపయోగకరం. వేడిని ఇష్టపడుతుంది, కోసినకొద్దీ చిగురిస్తుంది. పైకప్పు కంటే పడమటి తెరకే ఇది బాగా అమరుతుంది.

ద్రాక్ష

ద్రాక్ష పందిరి అనేది చాలామంది కోరిక. మధ్యధరా దేశాలలో అది వేసవిలో నీడను, శీతాకాలంలో ఎండను ఇస్తుంది. దక్కను పీఠభూమిలో ద్రాక్షకు శీతాకాలపు నిద్ర ఉండదు. ఇక్కడి రైతులు సంవత్సరానికి రెండు మార్లు కత్తిరిస్తారు. కొత్త కొమ్మల కోసం ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, కాయల కోసం అక్టోబరు ప్రాంతంలో మరొకసారి. హైదరాబాదు పరిసరాలలో పేరుపొందిన అనాబ్-ఎ-షాహి రకాన్ని ఇట్లా పందిళ్ళ మీదనే సాగు చేసేవారు. ఏప్రిల్ కత్తిరింపుతో పందిరి పూర్తిగా బోసిపోయి, మళ్ళీ ఆకు నిండేసరికి మే నెల గడిచిపోతుంది. కత్తిరించకపోతే నీడ ఉంటుంది, కాయ ఉండదు. వర్షాకాలంలో బూజు తెగులు తప్పనిసరిగా చూసుకోవలసిన మరొక బెడద. కాయల మీద మక్కువ ఉన్నవారు వేరుగా ఒక పందిరి వేసుకోవడం మంచిది గాని, నీడ కోసం ఇంటి ముందు వేసే పందిరికి ద్రాక్షను ఎంచుకోవడం తగదు.

పూల తీగలు

రాధామనోహరం (కాంబ్రెటమ్ ఇండికమ్) తెలుగు ఇళ్ళ ముంగిట విరివిగా కనిపించే తీగ. పూవు సాయంత్రం తెల్లగా విచ్చుకొని, మరునాటికి గులాబీ రంగుకు, తరువాత ఎరుపుకు మారుతుంది. అందువలన ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. దీనికి మునుపు ఉన్న క్విస్క్వాలిస్ అనే ప్రజాతి నామానికి లాటిన్‌లో "ఎవరు? ఎటువంటిది?" అని అర్థం. వేసవిలోను వర్షాకాలంలోను పూస్తుంది, నీరు పోస్తే ఆకు నిలుస్తుంది, గట్టి ఎండకు తట్టుకుంటుంది. నీడ, పూలు, సువాసన ఒకేసారి కోరుకునేవారికి దీనిని మించిన తీగ అరుదు. లోపాలు లేకపోలేదు. రాలిన ఆకుల తొడిమల మొదళ్ళు కాండం మీద ముళ్ళుగా మిగిలిపోతాయి. మొదటి రెండేళ్ళు సన్నగా ఉన్న తీగ తరువాత చేతి మణికట్టంత లావై పందిరిని కుంగదీస్తుంది.

కాగితం పూల చెట్టు (బొగెన్‌విల్లియా) దక్షిణ అమెరికా నుండి వచ్చింది. 1766-1769 మధ్య బొగెన్‌విల్ అనే ఫ్రెంచి నావికుడు చేసిన భూప్రదక్షిణలో అతని వెంట ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు ఫిలిబెర్ కొమ్మెర్సాన్ దీనిని బ్రెజిల్‌లో గుర్తించాడు. రంగు రంగులుగా కనిపించేవి పూలు కావు, పుష్పపుచ్ఛాలు. అసలు పూవు వాటి మధ్యనుండే చిన్న తెల్లని గొట్టం. ఈ మొక్క విషయంలో నీడకూ పూలకూ పొత్తు కుదరదు. నీరు తగ్గించి ఎండగడితే రంగులు విరగబూస్తాయి గాని ఆకు రాలుతుంది. నీరు పుష్కలంగా పోస్తే ఆకు దట్టమవుతుంది, రంగు పలచబడుతుంది. పిల్లలు తిరిగే చోట దీని ముళ్ళు ప్రమాదకరం. ప్రహరీ మీదికి, గేటు పై కమానుకు ఇది సరిపోతుంది.

మల్లెపందిరి అనే మాట వాడుకలో ఉన్నా, వేసవిలో పూసే మల్లె (జాస్మినమ్ సాంబక్) చాలా వరకు పొద. కొన్ని రకాలు కొంత ఎత్తు పాకినా పైకప్పును నింపేంత ఆకు వాటికి ఉండదు. పైగా పూలు బాగా రావాలంటే చలికాలం చివర నీరు కట్టి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించవలసి ఉంటుంది. జాజి జాతులు పందిరికి మల్లె కంటే నయం. అవి పైకి ఎగబాకి సన్నని జల్లెడ వంటి నీడనిస్తాయి. చిక్కని నీడ కావలసిన చోట వాటిని ఒంటరిగా నమ్ముకోరాదు.

మాధవీలత (హిప్టేజ్ బెంగాలెన్సిస్) ప్రాచీన కావ్యాలలో పేరుగాంచిన స్వదేశీ తీగ. చలికాలం చివర, వసంతారంభంలో తెల్లని కుచ్చు పూలు పూస్తుంది. వాటిలో ఒక రేకు మీద పసుపు మచ్చ ఉంటుంది. కాయకు మూడు రెక్కలుండి గాలిలో గిరికీలు కొడుతూ దూరంగా పోతుంది. ఆకు తోలు వలె దళసరిగా ఉండి వేసవిలో కూడా నిలుస్తుంది. కాని ఇది చెట్లను కప్పివేసేంత పెద్ద తీగ. ఇరుకైన పెరడుకు పనికిరాదు. రాతి స్తంభాల మండపం ఉన్న గుడి తోటకు, విద్యాలయాల ఆవరణకు తగినది.

పర్దా తీగ అని నర్సరీలలో అమ్మే టార్ల్‌మౌనియా ఎలిప్టికా మయన్మార్, థాయిలాండు ప్రాంతాలకు చెందినది. దీని పూలు చెప్పుకోదగినవి కావు. మిద్దెల అంచుల నుండి పచ్చని తెర వలె మీటర్ల కొద్దీ కిందికి వేలాడటం దీని ప్రత్యేకత. నీటి ఎద్దడిని బాగా ఓర్చుకుంటుంది. పైన చెప్పిన పడమటి తెరకు, ముఖ్యంగా బహుళ అంతస్తుల ఇళ్ళలో, ఇది అన్ని విధాలా అనుకూలం. పూలు లేవన్న కారణంతో దీనిని చిన్నచూపు చూడటం సరి కాదు.

నాటకూడనివి, జాగ్రత్త పడవలసినవి

అందం చూసి ఇంటికి తెచ్చుకోకూడని తీగలు కొన్ని ఉన్నాయి. గురివింద గింజలలో ఏబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. పై పెంకు గట్టిది కనుక గింజను నమలకుండా మింగితే ఒక్కొక్కప్పుడు ప్రమాదం తప్పవచ్చు గాని, నమిలితే ప్రాణాపాయం. ఎరుపు నలుపు రంగుల వలన చిన్నపిల్లలు వీటికి సహజంగా ఆకర్షితులవుతారు. ఆకు కొసలతో పాకి జ్వాల వంటి పూలు పూసే అడవినాభి (గ్లోరియోసా సుపర్బా) దుంపలోను గింజలలోను కోల్చిసిన్ అనే విషం ఉంటుంది. ఇది ఔషధ మొక్క కావడం వలన హాని చేయదనే అపోహ కొందరిలో ఉంది. అల్లమంద పాలు చర్మానికి దురద పుట్టిస్తాయి, కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు అవుతాయి. పసిపిల్లలు, పశువులు తిరిగే ఇళ్ళలో ఈ మూడింటినీ నాటకపోవడమే క్షేమం.

గులాబీ రంగు గుత్తులు పూసే కోరల్ తీగ (ఆంటిగోనన్ లెప్టోపస్) మెక్సికో దేశానిది. తేనెటీగలకు ఎంతో ఇష్టం, వేసవిలో పచ్చగా ఉంటుంది, అడిగినవారందరికీ నర్సరీలలో దొరుకుతుంది. అయితే భూమిలో దుంపలు పెంచుకుంటుంది. పైన ఎంత నరికినా మళ్ళీ మొలుస్తుంది. నీలి రంగు పెద్ద పూల థన్‌బెర్జియా గ్రాండిఫ్లోరా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో చెట్లను కూల్చే కలుపుగా పేరుపడింది. పొలాలకు, వాగులకు, అడవులకు దగ్గరగా ఉన్నవారు ఇటువంటి వాటిని దూరంగా ఉంచాలి.

పందిరి మీదికి పాములు వస్తాయని, పొట్ల తీగకు అవి ఆకర్షింపబడతాయని కొందరు నమ్ముతారు. దీనికి ఆధారం లేదు. పాము వచ్చేది ఎలుకలు, కప్పల కోసం. పాదు చుట్టూ ఎండాకులు, రాళ్ళు, చెత్త పేరుకోకుండా చూసుకుంటే ఆ భయం చాలా వరకు తీరుతుంది. గొంగళి పురుగులు మాత్రం నిజమైన సమస్యే. వర్షాకాలంలో వారానికి ఒకసారి ఆకుల అడుగు భాగం చూడాలి.

నిర్మాణం, బరువు, గాలి

గుంజలకు వెదురు, సరుగుడు, సిమెంటు స్తంభాలు, ఇనుప గొట్టాలు, తెలంగాణలో రాతి కడీలు వాడుతారు. సరుగుడు గుంజ చవక. అయితే భూమిలో ఉన్న భాగం చెద పట్టి రెండు మూడేళ్ళలో పుచ్చిపోతుంది. అడుగున తారు పూస్తే మరికొంత కాలం ఉంటుంది. ఏకవార్షిక కాయగూరలకు ఇది చాలు. రాధామనోహరం వంటి చెట్టుబారే తీగకు సరుగుడు గుంజ నాటడం అంటే తీగ బలం పుంజుకునే సమయానికి పందిరి కూలేట్లు ఏర్పాటు చేయడమే. తీగ ఆయుష్షు కంటే గుంజ ఆయుష్షు తక్కువ కాకూడదు. రాతి కడీలు ఈ విషయంలో ఎదురులేనివి. ఇనుప గొట్టాలు గట్టివే గాని మే నెల ఎండకు కాలి లేత కొసలను మాడుస్తాయి. వాటికి కొబ్బరి తాడు చుట్టాలి.

కాయలు చేతికి అందాలంటే ఎత్తు 2 మీటర్లకు కొంచెం పైన చాలు. కింద కూర్చుని తిరగడానికైతే 2.5 మీటర్లకు తగ్గరాదు, ఎందుకంటే తీగలు కనీసం ఒక మూర కిందికి వేలాడతాయి. గుంజను 60 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా పాతాలి.

పందిరిని కూల్చేది తరచుగా తీగ బరువు కాదు, గాలి. దట్టమైన ఆకుల కప్పు గాలికి తెరచాప వలె పనిచేస్తుంది. వాన నీటితో తడిసినప్పుడు బరువు కూడా తోడవుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను ఆ నగరపు పచ్చదనాన్ని ఏ విధంగా తుడిచిపెట్టిందో ప్రజలు చూశారు. కోస్తా జిల్లాలలో తుఫానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలలలో వస్తాయి. కాబట్టి వర్షాకాలపు పెరుగుదల ముగిసిన వెంటనే, సెప్టెంబరు చివర, పైకప్పును మూడో వంతు దాకా పలచబరచడం అక్కడ తప్పనిసరి. తెలంగాణ, రాయలసీమలలో ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులు ప్రధానం. ఆ సమయంలో ఆకు తీయడానికి వీలుండదు కనుక గుంజలను నాలుగు మూలలా వాలుగా తీగలు లాగి కట్టాలి.

నాటడం, మొదటి వేసవి

బహువార్షిక తీగలను తొలకరి తరువాత, జూన్, జూలై నెలలలో నాటడం మంచిది. గుంజకు ఆనించి కాక ఒక అడుగు దూరంలో గుంత తీయాలి. లేకుంటే తరువాత గుంజ మార్చవలసి వచ్చినప్పుడు వేళ్ళు తెగుతాయి. మొక్క పందిరి ఎత్తుకు చేరేదాకా పక్క కొమ్మలన్నీ గిల్లివేసి ఒక్క కాండాన్నే పైకి పోనివ్వాలి. పైకి చేరిన తరువాత దాని కొసను తుంచితే కొమ్మలు నలువైపులా చీలి కప్పును నింపుతాయి. చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తారు. ఫలితంగా నడుము ఎత్తులో పొద, పైన ఖాళీ మిగులుతాయి.

ఎంత బాగా పెంచినా అటువంటి తీగ మొదటి వేసవికి నీడనివ్వదు. రెండవ వేసవికి సగం, మూడవ వేసవికి పూర్తి నీడ ఆశించవచ్చు. ఈలోగా అదే పందిరి మీద మరొక మూల నుండి సొర, బీర ఎక్కించవచ్చు. నీరు తక్కువైతే తాటాకులు, కొబ్బరి మట్టలు పరచి చలువ పందిరి చేసుకోవచ్చు. శ్రీరామనవమికి వీధులలో వేసేది ఈ చలువ పందిరే. కొత్త తీగకు ఎండ తగలాలి కనుక మట్టలను అది ఎక్కే మూలను వదిలి పరచాలి.

మిద్దె మీద పందిరి

మిద్దె తోటలలో పందిరికి రెండు ఇబ్బందులున్నాయి. అక్కడ గాలి నేల మీద కంటే బలంగా ఉంటుంది, గుంజను భూమిలో పాతే వీలుండదు. పిట్టగోడకు బిగించిన ఇనుప చట్రం మేలు. తొట్టి బరువును చాలామంది లెక్కలోకి తీసుకోరు. వంద లీటర్ల తొట్టిలో తడిమట్టి నింపితే 150 కిలోలకు తగ్గదు. అందువలన తొట్లను స్లాబు మధ్యలో కాక దూలాల మీదుగా, గోడల వెంట ఉంచాలి. మట్టిలో కొబ్బరి పొట్టు కలిపితే బరువు తగ్గుతుంది, తేమ నిలుస్తుంది. తొట్టిలో వేళ్ళకు చోటు పరిమితం కాబట్టి మాధవీలత వంటి వాటిని విడిచి దొండ, బచ్చలి, శంఖుపుష్పం, పర్దా తీగలను ఎంచుకోవాలి. వేసవిలో ఉదయం, సాయంత్రం రెండు పూటలా నీరు పోయవలసి ఉంటుంది.

సాహిత్యంలో, ఆచారాలలో

కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలంలో శకుంతల తాను నీరు పోసి పెంచిన నవమాలికా లతకు వనజ్యోత్స్న అని పేరు పెట్టుకుంటుంది. అక్కడ ఆ లతకు పందిరి లేదు, మామిడి చెట్టే ఆధారం. తెలుగువారి పెళ్ళిలో పందిరి రాట పాతడం ఒక ముఖ్యమైన తంతు. ఆ పందిరికి తీగలతో పని లేకపోయినా, గుంజ పాతి పైన పచ్చని కొమ్మలు పరచడమనే పద్ధతి రెండింటికీ ఒకటే. పల్లెలలో స్నానాల గది నీరు, గిన్నెలు కడిగిన నీరు పోయే కాలువ చివర దొండ గాని బచ్చలి గాని పాదు పెట్టడం అలవాటు. సబ్బు నురగ ఎక్కువగా ఉన్న నీటిని మాత్రం మళ్ళించివేయాలి. విడిగా నీరు పోసే అవసరం పెద్దగా లేకుండా వేసవి పొడుగునా పచ్చగా ఉండే పందిళ్ళు చాలా వరకు అటువంటి కాలువల పక్కనే కనిపిస్తాయి.